మోకాలికి ఫాల్ కుట్టిన ఎస్తేరమ్మ

నొప్పి అనే మాటను ఎస్తేరమ్మ అరవై మూడేళ్ళపాటు గడప దాటి లోపలికి రానివ్వలేదు. వేలికి సూది దిగితే చీమ కుట్టిందనేది. ఇద్దరు కొడుకుల్ని కన్నప్పుడు కూడా "కడుపు జర పట్టేసినట్టున్నది" అని మాత్రమే అందని మొగుడు సుందరయ్య చెబుతాడు. సుందరయ్య చెప్పేదాంట్లో సగం కొట్టేసినా మిగతా సగం నిజమే ఉంటుంది. మనవలు చిన్నప్పుడు పడి, మోకాళ్ళు చీరుకుని, ఏడుస్తూ వస్తే ఆమె ఒక్క చూపు చూసి, "ఏం కాలే, తోలు జరిగింది" అని తీర్పు చెప్పేది. ఆ తీర్పు మీద అప్పీలు ఉండేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వరసకు కాస్త లోపలగా ఒక చీరల దుకాణం ఉంది. దాని మెట్ల కింద, నిలబడితే తల తగిలే జాగాలో, ముప్పై ఏళ్ళుగా ఎస్తేరమ్మ కుట్టుమిషను. పైన కొత్త చీర కొన్నవాళ్ళు దిగివచ్చి దాన్ని ఆమె ఒళ్ళో పడేస్తారు. ఆమె కొంగు అంచు పోగులు ఊడకుండా మిషను మీద పీకో చేస్తుంది. కింది అంచుకు లోపలివైపు ఫాల్ గుడ్డ వేసి చేత్తో కుడుతుంది. ఆ చేతికుట్టులో ఆమెదొక పద్ధతి. సూది చీరలోంచి ఒకే ఒక్క పోగును ఎత్తుకోవాలి. పైవైపు చూస్తే కుట్టు కనిపించకూడదు. దారం బిగించి లాగకూడదు. లాగితే అంచంతా ముడుచుకుని, కట్టుకున్నామె నడుస్తుంటే చీర కాళ్ళకు చుట్టుకుంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒకటే.

"దారం నీకు దుష్మన్ కాదు బిడ్డా. గుంజకు. వదులు."

ఇంత మంచి పాఠాన్ని ఆమె తన ఒంటికి మాత్రం ఏనాడూ చెప్పుకోలేదు.

మిషనుకు మోటారు పెట్టించుకోమని అందరూ చెప్పారు. కాలితో తొక్కితేనే కుట్టు మాట వింటుందని ఆమె వినలేదు. ముప్పై ఏళ్ళు తొక్కాక కుట్టు మాట వింటూనే ఉంది, కుడి మోకాలే వినడం మానేసింది. ఎల్బీ నగర్‌లోని ఇంటి ముందు మూడు మెట్లున్నాయి. ఆ మూడు మెట్లు ఎక్కడానికి ఆమె మూడు కీర్తనలు పాడుకునేంత సేపు పట్టేది. చివరికి డాక్టరు ఫోటోలు తీయించి, లోపల ఎముకకూ ఎముకకూ మధ్య ఏమీ మిగల్లేదని, మోకాలు మార్చాల్సిందేనని చెప్పాడు.

అప్పుడు ఎస్తేరమ్మ ఒక పని చేసింది. చేసి ఉండకూడదు కానీ చేసింది.

ఆపరేషనుకు ముందు ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు గోడ పట్టుకుని లేచింది. జరిగిపోయిన మేలు గురించి చెప్పడం సాక్ష్యం. ఈమె ఇంకా జరగనిదాని గురించి చెప్పింది. "రేపు నా మోకాలు కోస్తున్నరు. నాకు నొప్పి రాదు. ఒక్క గోలీ కూడ అక్కర రాదు. వచ్చే నెల మొదటి ఆదివారం నా కాళ్ళ మీద నేను నడిచొచ్చి గిదే జాగల నిలబడి చెప్త." సంఘమంతా ఆమెన్ అంది. పాస్టరు గారు కూడా అన్నారు, కాస్త ఆలస్యంగా.

ఇంటికి వస్తూ ఆటోలో సుందరయ్య అడిగాడు. "దేవుడు చెప్పిండా నీకు నొప్పి రాదని?"

"చెప్పకపోతే ఏంది, ఆయనకు చాతకాదా?"

"చాతనైతది. అడగకుండనే ఆయన తరఫున నువ్వు మాటిచ్చినవ్. నేను గేటు కాడ నిలబడి మా సారు తరఫున మాటిస్తే నౌకరీ ఉంటుండెనా?"

సుందరయ్య పద్దెనిమిదేళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరుకు వాచ్‌మన్‌గా చేశాడు. లోకంలో ఏ విషయమైనా ఆయనకు ఆ గేటు దగ్గరే మొదలై ఆ గేటు దగ్గరే ముగుస్తుంది. ఎస్తేరమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. మాట తోచనప్పుడు ఆమె చేసే పని అదే.

ఆపరేషను బాగానే జరిగింది. నడుముకిచ్చిన మత్తు దిగేదాకా కాలు ఉన్నట్టే తెలియలేదు. ఎస్తేరమ్మ పడుకునే గెలిచింది. "చూసినవా?" అంది సుందరయ్యతో. ఆయన చూశాడు. మత్తు దిగాక కూడా చూశాడు.

పక్క మంచం మీద శేషారత్నం అనే ఆవిడ ఉంది. వనస్థలిపురం. మొదట్లో మచిలీపట్నం వైపు వాళ్ళు. ఆవిడదీ మోకాలే, ఎడమది. నర్సమ్మ పొద్దున్నే ఇద్దరి దగ్గరికీ వచ్చి ఒకే ప్రశ్న వేసేది. నొప్పి ఏమీ లేకపోతే సున్నా, ఓర్చుకోలేనంత ఉంటే పది. ఎంత?

"తొమ్మిదిన్నర," అనేది శేషారత్నం. మందు వేసుకున్నా తొమ్మిదిన్నరే, ఇడ్లీలో చట్నీ చాలకపోయినా తొమ్మిదిన్నరే.

"సున్నా," అనేది ఎస్తేరమ్మ. దవడలు బిగించి, పళ్ళ సందులోంచి.

"అబ్బ, ఎంత పుణ్యం చేసుకున్నారండీ మీరు," అని శేషారత్నం ఆశ్చర్యపోయేది. సున్నా అన్నవాళ్ళకు నొప్పి ఇంజెక్షను ఎవరిస్తారు? మామూలుగా అందరికీ ఇచ్చే గోలీలు మాత్రం పూటపూటా చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. నర్సమ్మ అటు తిరగ్గానే ఆ గోలీ ఎస్తేరమ్మ కళ్ళద్దాల డబ్బాలోకి పోయేది.

అసలు చిక్కు మూడో రోజు బయటపడింది. వ్యాయామం చేయించడానికి అరుణజ్యోతి అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. శేషారత్నం అరిచి, ఏడ్చి, దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచి యాభై డిగ్రీలు వంచింది. ఎస్తేరమ్మ ఒక్క చప్పుడు చేయలేదు. ముప్పై ఐదు దగ్గర కాలు కర్రలాగా ఆగిపోయింది.

అరుణజ్యోతి మంచం అంచున కూర్చుంది. "పెద్దమ్మా, కొత్త మోకాలు బాగానే అమిరింది. కానీ దాని చుట్టూ కండ బిగుసుకుపోతోంది. మూడు వారాలకు డాక్టరు గారు మళ్ళీ చూస్తారు. అప్పటికి తొంభై రావాలి. రాకపోతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది. అలా వంచినా ఎంతవరకు వస్తుందో చెప్పలేం. మీరు చేసే పనేంటి?"

"మిషను తొక్కుత."

"తొక్కాలంటే తొంభై కావాలి మరి."

ఎస్తేరమ్మ కుచ్చెళ్ళు సర్దుకుందామని చూసింది. ఒంటి మీద దవాఖాన గౌను ఉంది. దానికి కుచ్చెళ్ళు లేవు.

ఆ మధ్యాహ్నం సుందరయ్య ఆమెకు కీర్తన చదివి వినిపిద్దామని బైబిలు తీశాడు. తన అద్దాలు ఇంట్లో మరిచాడు కాబట్టి ఆమె డబ్బా తెరిచాడు. అద్దాల కింద ఏడు గోలీలు, గుడ్లు పెట్టినట్టు.

"ఎస్తేరూ, గివేంది?"

ఆమె గోడ వైపు చూసింది. "సంఘం ముందట చెప్పిన కదా," అంది. "నొప్పి రాదన్న. గోలీ అక్కర రాదన్న. ఇప్పుడు మింగితే దేవుని మాట పోయినట్టే కదా."

"దేవుని మాట ఎందుకు పోతదే? పోతే నీ మాట పోతది." ఆయన గోలీలను అరచేతిలో పోసుకుని చూశాడు. "నొప్పి ఉన్నదా?"

అరవై మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను ఎంతోమంది అడిగి ఉంటారు. ఆ రోజే మొదటిసారి దానికి సరైన జవాబొచ్చింది.

"తొమ్మిదిన్నర," అంది ఎస్తేరమ్మ.

పక్క మంచం మీద నిద్ర నటిస్తున్న శేషారత్నం లేచి కూర్చుంది. "చూశారా, నేను చెప్తూనే ఉన్నాను కదండీ. అది తొమ్మిదిన్నరే."

నర్సమ్మ చీవాట్లు పెట్టింది. అరుణజ్యోతి మాత్రం తిట్టలేదు. "నాకు పొద్దున్నే అనుమానమొచ్చింది. నొప్పి లేనివాళ్ళు మంచం కడ్డీని అంత గట్టిగా పట్టుకోరు. మీ భుజాలు చూడండి, చెవుల దాకా వచ్చేశాయి. ఊపిరి బిగబట్టేస్తున్నారు. ఒళ్ళు బిగిస్తే కండ బిగుస్తుంది, కండ బిగుస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది. ముందు గోలీ వేసుకోండి. అరగంటాగి ఒళ్ళు వదులు చేయడం నేర్పిస్తాను."

గోలీ మింగేటప్పుడు ఎస్తేరమ్మ మొహం చూస్తే విషం మింగుతోందనుకుంటారు.

అరగంట తర్వాత పాఠం మొదలైంది. పిడికిళ్ళు గట్టిగా బిగించి ఐదు లెక్కపెట్టి వదిలేయాలి. అలాగే భుజాలు, అలాగే దవడ, అలాగే మంచి కాలు. ఆపరేషనైన కాలి జోలికి పోకూడదు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు ఊపిరి తీసుకుని, నోటితో ఆరు లెక్కపెట్టేంత సేపు మెల్లగా వదలాలి. ఇంతవరకూ ఎస్తేరమ్మ బుద్ధిగా చేసింది. అప్పుడు అరుణజ్యోతి, "కళ్ళు మూసుకోండి. మీరు సముద్రం ఒడ్డున కూర్చున్నారు. చల్లటి గాలి. అలలు మెల్లగా వస్తున్నాయి," అంది.

ఎస్తేరమ్మ ఒక కన్ను తెరిచింది. "నేను సముద్రం చూడలే బిడ్డా. సరూర్‌నగర్ చెరువు చూసిన."

"పోనీ ఆ చెరువే అనుకోండి."

"వాసనొస్తది."

శేషారత్నం అందుకుంది. "సముద్రం నాకూ వద్దమ్మా. మా దివిసీమ ఉప్పెనలో మా మేనత్త ఇల్లు ఇల్లంతా పోయింది. సముద్రాన్ని తలుచుకుంటే నా మోకాలు నొప్పి గుండెలోకి పోతుంది."

అరుణజ్యోతి పాపం చిన్నపిల్ల. కాలేజీలో ఆమెకు సముద్రం, కొండ, పూలతోట, ఈ మూడే నేర్పించారు. కాసేపు ఆలోచించి, "అయితే మీ మనసు ఎక్కడ కుదుటపడుతుందో మీరే చెప్పండి పెద్దమ్మా," అంది.

ఎస్తేరమ్మ తడుముకోలేదు. "మెట్ల కింద."

"అక్కడేం చేస్తుంటారు?"

"ఫాల్ కుడుత."

"సరే, కుట్టండి. ఇప్పుడు, ఇక్కడే."

ఎస్తేరమ్మ కళ్ళు మూసుకుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే దగ్గరికొచ్చాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు, బయట బస్సు కండక్టరు కేక, కొత్త చీరలోంచి గంజి వాసన. ఒళ్ళో ఆకుపచ్చ చీర. సూది దిగింది, ఒక పోగును ఎత్తింది, ఊపిరి లోపలికొచ్చింది. దారం మెల్లగా బయటికొచ్చింది, దానితోపాటు ఊపిరి. దారం పొడుగ్గా ఉంది కాబట్టి ఊపిరీ పొడుగ్గానే పోయింది. మళ్ళీ సూది. పదో కుట్టుకో పదకొండో కుట్టుకో ఆమె చెయ్యి ఆగింది.

"బిడ్డా," అంది కళ్ళు తెరవకుండానే, "నేను మూడు రోజుల సంది దారం గుంజుతున్న."

అరుణజ్యోతికి అర్థం కాలేదు. సుందరయ్యకు అర్థమైంది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి బయట ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు చూశాడు.

ఆ సాయంత్రం మోకాలు నలభై ఎనిమిది వంగింది.

నొప్పి మాయమైపోయిందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఎస్తేరమ్మే చెప్పదు. నొప్పి అక్కడే ఉంది, కాకపోతే ఇదివరకు గదంతా దానిదే, ఇప్పుడు ఒక మూల కూర్చుంది. గోలీ లేకుండా ఒట్టి కుట్టుతో చూద్దామని ఒక పూట మళ్ళీ బుద్ధి పుట్టింది కూడా. ముప్పై దగ్గరే ఆగిపోయి, తానే నర్సమ్మను పిలిచి గోలీ అడిగింది. "సూది ఒక్కటుంటే కుట్టయితదా, దారం ఒక్కటుంటే అయితదా," అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

శేషారత్నం ఊరుకుంటుందా? "నాకూ ఒకటి కుట్టండి ఎస్తేరమ్మ గారూ. నాది గద్వాల చీర. వంకాయ రంగు."

"గద్వాలకు ఫాల్ గుడ్డ పల్చగుండాలె రత్నమ్మక్కా. కండ్లు మూసుకో. సూది పోతున్నది, ఊపిరి తీసుకో. దారం వస్తున్నది, వదులు. గట్టిగ వదలకు, చీర ముడుచుకుంటది."

ఇద్దరూ అలా పక్కపక్క మంచాల మీద కళ్ళు మూసుకుని లేని చీరలు కుట్టేవాళ్ళు. శేషారత్నం తొమ్మిదిన్నర ఆరుకు దిగింది. దిగినందుకు ఆవిడ కొంచెం నొచ్చుకుంది కూడా.

ఎస్తేరమ్మ అరవై రెండు డిగ్రీలతో ఇల్లు చేరింది. ఇంట్లో మంచం అంచున కూర్చుని, మడమ కింద పాలిథిన్ కవరు వేసుకుని, నేల మీద పాదాన్ని వెనక్కి జరపడం. గోలీ వేసుకున్న అరగంటకు, పూటకు ఒక చీర. కొలవడానికి సుందరయ్య మనవల జామెట్రీ బాక్సులోంచి కోణమాని తీశాడు. ఆ పెట్టెలో పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని వస్తువు అదొక్కటే కాబట్టి కొత్తదానిలా మెరిసిపోతోంది. అంకెలు అద్దాలు పెట్టుకుని చదివి, కేలండరు మీద రాసేవాడు. అరవై ఎనిమిది. డెబ్బై మూడు. డెబ్బై మూడు. మళ్ళీ డెబ్బై మూడు.

ఆ మూడో డెబ్బై మూడు రోజున ఎస్తేరమ్మ ఏడ్చింది. ఇంట్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు కాబట్టి ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. సుందరయ్య ఆమె పక్కన కూర్చున్నాడు.

"మా సెంటర్ల పోరగాళ్ళు ఒకటే మార్కు కాడ నెలలు నెలలు ఆగుతుండ్రి. పుస్తకం ఇసిరికొట్టి, పోయి చాయ్ తాగొచ్చి, మళ్ళ కూసుంటుండ్రి."

"ర్యాంకు రాకపోతుండెనా?"

"కొందరికి రాకపోతుండె. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ తీసుకుంటుండ్రి. చాయ్ పెట్టాలెనా?"

పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. తాగి ఆమె మళ్ళీ కవరు మీద పాదం పెట్టింది.

వనస్థలిపురం నుంచి రోజూ సాయంత్రం ఫోను వచ్చేది. "మీకెంతొచ్చింది?" అని శేషారత్నం అడిగేది, ఫలితాలొచ్చిన రోజు పక్కింటావిడ అడిగినట్టు. ఆవిడకు ఎనభై తొమ్మిది వచ్చిన రోజున ఎస్తేరమ్మకు ఎనభై నాలుగు. ఫోను పెట్టేశాక, "ఆమెది ఎడమ కాలు, అల్కగ వంగుతది," అని సుందరయ్యకు వివరించింది.

మూడు వారాలు పూర్తయిన రోజున డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పటికి కోణమాని ఎనభై ఎనిమిది చూపించింది. డాక్టరు గదిలో అరుణజ్యోతి కూడా ఉంది. డాక్టరు మోకాలి మీద చెయ్యి వేయగానే ఎస్తేరమ్మ భుజాలు చెవుల దాకా లేచాయి. కాలు ఎనభై రెండు దగ్గర ఆగింది. డాక్టరు కాగితం మీద ఏదో రాయడానికి కలం తీశాడు.

"సారూ, జరాగుండ్రి," అంది ఎస్తేరమ్మ. "నాకు ఒక్క చీర కుట్టేంత టైమియ్యండ్రి."

డాక్టరు అరుణజ్యోతి వైపు చూశాడు. అరుణజ్యోతి తల ఊపింది.

ఎస్తేరమ్మ కళ్ళు మూసుకుంది. పిడికిళ్ళు బిగించి వదిలింది. దవడ వదిలింది. వేళ్ళు దగ్గరికొచ్చాయి. ఆకుపచ్చ చీర అయిపోయి చాలా రోజులైంది, ఇప్పుడు పసుపుది. సూది, ఊపిరి. దారం, ఊపిరి. గదిలో ఫ్యాను తిరుగుతోంది, బయట టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు, ఆమెకు తొందర లేదు. పది పన్నెండు కుట్లయ్యాక తనే పాదాన్ని వెనక్కి జరిపింది. కొంచెం. ఊపిరి వదులుతూ ఇంకొంచెం.

"నొప్పెంత పెద్దమ్మా?" అని అరుణజ్యోతి మెల్లగా అడిగింది.

"ఏడు. కానియ్యి."

డాక్టరు తన కొలతతో వంగి చూశాడు. తొంభై రెండు. తీసిన కలాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

అయితే ఇంకొక లెక్క తేలాలి. నెల మొదటి ఆదివారం వచ్చింది. వాకరు పట్టుకుని, ఆటో దిగి, చర్చి గుమ్మం నుంచి ముందు వరసదాకా తన కాళ్ళ మీదే నడిచింది. ఆ మాట నిలిచింది. మిగతా మాట మాటేమిటని సుందరయ్య అడగలేదు. ఆయన చొక్కా గుండీని తిప్పుకుంటూ కూర్చున్నాడు. సాక్ష్యాల వేళ ఆమె లేచింది. సంఘం ముందే ఆమెన్ అనడానికి సిద్ధమైంది.

"నొప్పి రాదని చెప్పిన," అంది ఎస్తేరమ్మ. "వచ్చింది. తొమ్మిదిన్నర వచ్చింది. గోలీ అక్కర రాదన్న. ఏడు గోలీలు దాచిపెట్టి, కాలు కట్టె చేసుకున్న. దేవుడు నాకు గట్ల మాటియ్యలే. నేనే ఇప్పిచ్చిన." ఎవరో ఆడమనిషి నవ్వాపుకుంది. "ఫాల్ కుట్టు పైకి కనపడొద్దు. అది పనితనం. గని కుట్టే లేదంటే అబద్ధం కదా. ఇన్నేండ్లు నేను కుట్టే లేదన్న. దేవుడు ఏం చేసిండంటే, ఊపిరి ఇచ్చిండు, గోలీ ఇచ్చే బిడ్డను పంపిండు, గీ ముసలాయన్ని ఇచ్చిండు. గంతే నా సాక్ష్యం. కూసుంట, కాలు గుంజుతున్నది."

ఆమె కుర్చీలో కూర్చుంది. మోకాలు చక్కగా వంగింది. పాస్టరు గారు ఆమెన్ అన్నారు, ఈసారి అందరికంటే ముందు.

ప్రార్థన అయ్యాక ఇద్దరు ముసలమ్మలు, గర్భసంచి తీయించుకోబోతున్న ఒక నడివయసామె ఆమె చుట్టూ చేరారు. ఎస్తేరమ్మ వాళ్ళను కళ్ళు మూసుకోమంది. "నువ్వు ఏ పని చేస్తవ్?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ఒకామె బియ్యం ఏరుతుంది, ఇంకొకామె పూలు అల్లుతుంది. "అయితే గదే చెయ్యి," అంది. "నా చీర నీకెందుకు?"

నాలుగు నెలలు తిరిగేసరికి ఆమె మళ్ళీ మెట్ల కిందికి వచ్చేసింది. మిషనుకు ఇప్పుడు మోటారు ఉంది. ఒంటిగంట దాకా మోటారు, ఆ తర్వాత ఎవరూ చూడనప్పుడు కాస్త కాలు. పాత గిరాకీలు చీర ఒళ్ళో పడేస్తూ, "కాలెట్లుంది అమ్మా?" అని అడుగుతారు. ముప్పై ఏళ్ళు ఆ ప్రశ్నకు "మంచిగుంది" అని తల ఎత్తకుండా చెప్పినామె ఇప్పుడు సూది ఆపి, ఒక ఊపిరి తీసుకుని, మోకాలిని నిజంగానే అడిగి చూస్తుంది.

"ఇయ్యాల మూడు," అంటుంది. "చీర రేపు తీసుకపో."